నేను కుట్టిన ఫోన్ సంచి

అమ్మాయ్, సైకిల్ తీసే ముందు ఇది చదువు.

నువ్వు కొనుక్కున్న ఫోన్ స్టాండు మళ్లీ హ్యాండిల్‌కి బిగించాను. జారకుండా కింద పాత ట్యూబు ముక్క చుట్టాను. ఫోన్ పెట్టాక నాలుగు మూలలకీ రబ్బరు తగిలించడం మర్చిపోకు. స్క్రూ గట్టిగానే తిప్పాను, అయినా నువ్వొకసారి కదిపి చూసుకో. నా చేతిపనిని ఇక నమ్మకు.

నేను కుట్టిన సంచి కోసం వెతక్కు. కుట్లు విప్పేసి పీలికల్లో పడేశాను. "ఊరందరికీ బట్టలు కుట్టేవాణ్ణి, ఫోన్‌కి సంచి కుట్టలేనా" అని గొప్పలు పోయి, నీ స్టాండు పీకేసింది నేనే. గీతలు పడకూడదని లోపల కోటుకి వేసే నున్నటి లైనింగు వేశాను. ఆ నునుపుకే ఫోన్ జారిపోతుందని నా బుర్రకి తట్టలేదు.

పార్సిళ్లు ఇచ్చి నువ్వు పగిలిన ఫోన్‌తో ఇంటికొస్తే, పక్కింటివాళ్ల ముందు "సంచి బాగానే ఉంది, పిల్లకే తొక్కడం రాదు" అన్నాను. నువ్వు లోపలికెళ్లిపోయావు. అది తలుచుకుంటే తల కొట్టేసినట్టుంది. అందుకే నువ్వు లేవకముందే కొట్టుకి పోతున్నాను. టీ ఫ్లాస్కులో పోసి పెట్టాను.

మీ మావయ్య

పక్కింటివాళ్లకి నేనే చెప్తాలే. ఇంకోమాట, ఏదైనా కావాలంటే కొట్టుకి రా, ఫోన్ చెయ్యకు. తప్పు నీదేనని తేల్చేద్దామని నిన్న సాయంత్రం అదే సంచిలో నా ఫోన్ పెట్టుకుని నీ సైకిలెక్కాను. వీధి మలుపు తిరక్కముందే నాదీ పగిలింది.