ఓడ కోసం మైకులో ప్రార్థన

శాన్ డియాగో,
బుధవారం

పాస్టరమ్మగారికి వందనాలు.

నా దస్తూరీ, తప్పులూ మన్నించండి. ఏడో తరగతితోనే చదువు ఆగిపోయింది. మీ ఎదుట నోరు పెగలక రాస్తున్నాను.

మా ఆయన పనిచేసే డిస్ట్రాయర్ యుద్ధనౌక ఆయనకన్నా వయసులో పెద్దది. ఈ యుద్ధంలో ఆయిల్ ఓడలకు కాపలాగా వెళ్తోంది. "ఒక ఇంజన్ ఆగిపోయింది, శుక్రవారం జలసంధి మెల్లగా దాటాలి. ఎవరికీ చెప్పకు" అని ఆయన ఫోన్‌లో అన్నారు. భయం ఆపుకోలేక మీ ఒక్కరికే చెప్పి ప్రార్థించమన్నాను.

మీరు ఆదివారం ప్రేమకొద్దీ, మా ఆయన పేరు పెట్టి మరీ, "మన షాలేం రాజు ఓడకి ఇంజన్ పోయిందంటమ్మా! శుక్రవారం జలసంధి దాటుతుందంట, అందరూ మోకరించండి" అని మైకులో చెప్పేశారు. అది చర్చి యూట్యూబ్‌లో ఉంది. శత్రువులూ చూడొచ్చు కదమ్మగారూ. శుక్రవారమంటే ఎల్లుండే. ఆ ఓడలో మా ఆయనతోపాటు ఎంతోమంది తల్లుల బిడ్డలున్నారు.

పాస్టరయ్యగారితో చెప్పి ఆ వీడియో ఈరోజే తీసేయించండి. కోపగించుకోకండి. ప్రార్థన మాత్రం ఇంట్లో చేస్తూనే ఉండండి.

రాసింది చదువుకుంటే, ఆయన దాచమన్నదంతా ఇందులోనూ ఉంది. మళ్ళీ రాద్దామంటే ఈ ఉత్తరం మీకు తెచ్చివ్వడానికి మీ అమ్మాయి అబిగేల్ కారు స్టార్ట్ చేసి పిలుస్తోంది. చదవగానే కాల్చేయండి.