టార్చి ఎవరు పట్టుకోవాలి?

చిరంజీవి మరమేకుకి తాతయ్య ఆశీస్సులు, వాటితోపాటు ఒక ఫిర్యాదు.

వీధి చివర మంగలి కొత్త కుర్చీ కొన్నాడు. మరీ ఎత్తు. కూర్చుంటే నా కాళ్ళు నేలకి అందవు. డెబ్బై ఆరేళ్ళవాణ్ణి, గోడెక్కి కూర్చున్న పసివాడిలా కాళ్ళూపుకుంటూ గడ్డం గీయించుకున్నాను. రిటైరైన మాస్టారు చూసి నవ్వాడు. తర్వాత ఆయనా ఎక్కాడు. ఆయన కాళ్ళూ అందలేదు గానీ పేపరు అడ్డం పెట్టుకున్నాడు. చదువుకున్నవాళ్ళకి అదో సుఖం.

ఇంతకంటే ఇక్కడ విశేషాలు లేవు. మీ అమ్మమ్మ కులాసా. నేను గ్లాసు ఇటు పెడితే అటు పెట్టాలంటుంది, అటు పెడితే అసలెందుకు తీశావంటుంది.

నీ సంగతి రాయి. లిఫ్టులు బాగుచేసే పనిలో చేరి, నాచేత మరమేకు అనిపించుకుని ఆరేళ్ళయింది. పెద్ద మెకానిక్ పోస్టు ఖాళీ అయిందన్నావు. వచ్చిందా?

ఇట్లు,
కాళ్ళు గాల్లో ఉన్న తాతయ్య

తా.క.: ఫోను చెయ్యకు. మీ అమ్మమ్మ లాక్కుంటుంది. ఉత్తరమైతే ముందు నేను చదివి, నన్ను తిట్టిన ముక్కలు తీసేసి ఆవిడకి వినిపించొచ్చు.

•

తాతయ్యకి మరమేకు నమస్కారాలు.

తెల్లకాగితాలు అయిపోయి మా కంపెనీ ఫారాల వెనక రాస్తున్నాను. తిప్పి చూసి మా అడ్రసంతా చదువుతూ కూర్చోకు.

పోస్టు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. నెలాఖరుకి తేలుస్తారు. నాకు రాదులే. సంచి భుజాన వేసుకుని ఏ బిల్డింగుకి వెళ్ళినా వాచ్‌మన్ నా వెనక్కి తొంగి చూసి, "మెకానిక్ ఏడమ్మా?" అంటాడు. నేనే అంటే, "అదే, ఆయనెప్పుడొస్తాడు?" అంటాడు. ఇక మావాళ్ళ దగ్గర నా ఉద్యోగం ఒకటే, టార్చి పట్టుకోవడం. నా తర్వాత రెండేళ్ళకి చేరిన మీసాలాయనకి కూడా నేనే పట్టాలి. ఆ పోస్టు మీద ఆయన కూడా కన్నేశాడు.

మొన్నటి సంగతి విను. ఒక ఐదంతస్తుల ఆఫీసులో లిఫ్టు మూడో అంతస్తు దాటుతూ మధ్యలో ఆగిపోతోంది. మావాళ్ళు మోటారు రెండుసార్లు విప్పి బిగించారు. నేను చెప్పాను: మోటారు బంగారంలా ఉంది, మూడో అంతస్తు తలుపు బందులు అరిగి తలుపు కిందికి వాలింది. తలుపు మూసుకుందని లిఫ్టుకి చెప్పే మీట ఒకటుంటుంది తాతయ్యా. తలుపు వాలితే అది సరిగ్గా ఆనదు. లిఫ్టు పక్కనుంచి వెళ్ళే అదురుకి మీట విడిపోతుంది. తలుపు తెరిచి ఉందనుకుని లిఫ్టు ఆగిపోతుంది. బందులు మార్చి తలుపుని నూలుపోగంత పైకెత్తితే చాలు.

మేనేజరు విని, "తలుపులూ కర్టెన్లూ ఆడవాళ్ళ కంటికే ఆనుతాయి. మోటారు సంగతి మావాళ్ళు చూసుకుంటారులేమ్మా, నువ్వు టార్చి కదలకుండా పట్టుకో" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా మీద నాకు అందుకే కోపంగా ఉంది.

ఇట్లు,
మరమేకు

తా.క.: మంగలిని కాళ్ళకింద పీట వెయ్యమను. ప్రతిదానికీ ఉత్తరాలు రాస్తారా?

•

మరమేకు తల్లికి,

జవాబు ఆలస్యమైంది. వేరే ఉత్తరాల పని తగిలింది. ఈ వయసులో నాకు ఇన్ని ఉత్తరాలేమిటని పోస్టుమాన్ అనుమానంగా చూస్తున్నాడు.

నీ తలుపు సంగతి మూడుసార్లు చదివాను. నేను చదివింది నాలుగో తరగతి, అదీ రెండేళ్ళు. అయినా అర్థమైంది. అంటే నువ్వు బాగానే రాశావు, మీ మేనేజరుకే ఏదో అడ్డుపడింది.

నాకు రెండు అనుమానాలు. తలుపు వాలబోతోందని ముందే కనిపెట్టడం ఎలా? ఆ మీట వెనక స్ప్రింగు మరీ బిగువైతే ఏమవుతుంది? ఎందుకని అడక్కు. అడిగితే అబద్ధం చెప్పాలి, చెప్పింది మళ్ళీ గుర్తుపెట్టుకోవాలి.

ఇట్లు,
జ్ఞానార్థి తాతయ్య

తా.క.: ఊరికే అడుగుతున్నాను, ఒక మనిషిని పైకి లాగాలంటే తాడు ఎంత లావుండాలి? మనిషంటే ఎవరో కాదు, సుమారు మీ అమ్మమ్మంత అనుకో.

•

తాతయ్యా,

నమస్కారాలు తర్వాత. ఇంట్లో లిఫ్టు కడుతున్నావా? నిజం చెప్పు. అమ్మమ్మని తాడు కట్టి అటక మీదికి లాగితే నేను అక్కడికొచ్చి నిన్ను అదే తాడుతో కట్టేస్తాను.

నీ అనుమానాలకి జవాబు రాస్తున్నాను గానీ ఇంట్లో చెయ్యకు. తలుపు అంచుకీ గడపకీ మధ్య ఒక పోస్టుకార్డు దూర్చి ఈ చివర నుంచి ఆ చివరకి లాగాలి. ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ వాలుతున్నట్టు. స్ప్రింగు బిగువైతే తలుపు మూసినా వెనక్కి తంతుంది.

ఇక్కడ నా కడుపు మండిపోతోంది. ఎవరో పెద్దమనిషి మా మేనేజరుకి ఉత్తరం రాశాడు. మూడో అంతస్తు లిఫ్టు ఆగడానికి కారణం తలుపేనని, మీట విడిపోతోందని, నూలుపోగంత ఎత్తమని. నేను చెప్పిన ముక్కలే. కింద సంతకం "నలభై తొమ్మిదేళ్ళుగా తలుపులు తీసి వేస్తున్న మనిషి" అని. మేనేజరు అందరినీ నిలబెట్టి చదివి వినిపించాడు. "అనుభవం అంటే ఇదీ. దస్తూరి చూడండి, ప్రతి అక్షరం మీసం దువ్వినట్టుంది" అన్నాడు. బందులు మార్చారు, లిఫ్టు నడిచింది. మీసాలాయన, "నేనూ మనసులో ఇదే అనుకున్నా" అన్నాడు.

"నేనిది పైకే చెప్పాను కదండీ" అన్నాను. "చెప్పావులేమ్మా, కానీ ఆయన వివరంగా చెప్పాడు" అన్నాడు మేనేజరు. ఆయన అడ్రసివ్వమంటే, పెద్దవాళ్ళని ఆడపిల్లలు వెళ్ళి విసిగించకూడదట. ఉత్తరం కూడా దూరం నుంచి ఊపి సొరుగులో పెట్టేశాడు.

ఎవరా ముసలాయన? ఈసారి పెద్ద మెకానిక్‌ని ఎలా ఎంచాలో కూడా ఆయన్నే అడిగారట. నా ఆరేళ్ళ పని ఒక ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో పడింది.

ఇట్లు,
మంట మీదున్న మరమేకు

తా.క.: తాడు సంగతికి జవాబు చెప్పను.

•

మరమేకుకి ఆశీస్సులు.

లిఫ్టు పని బాగా సాగుతోంది. మీ అమ్మమ్మని ఒకసారి కూర్చోమన్నాను. ముందు నన్ను కూర్చోబెట్టి పరీక్షించమంది. ఆవిడకి నా మీద ఎప్పుడూ నమ్మకం లేదు.

ఆ ముసలాయన్ని మరీ తిట్టకు. పాపం ఆయనకి ఎన్ని పనులో. నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే చాలా తెలివైనవాడు, అందగాడు కూడా అయ్యుంటాడు.

పోస్టుకార్డు కిటుకు మన వీధి తలుపు కింద చేసి చూశాను. కార్డు ఇరుక్కుపోయింది. అది నీకు రాసిన కార్డే, అందుకే ఇది కవర్లో వస్తోంది.

పరీక్ష అంటూ పెడితే భయపడకు. చేతులు అబద్ధం చెప్పవు. మిగతాదంతా చెప్పేది నోరే.

ఇట్లు,
ఇంజనీరు తాతయ్య

తా.క.: లిఫ్టు ప్రారంభోత్సవానికి రిబ్బను ఏ రంగుదైతే బాగుంటుంది? మీ అమ్మమ్మ కత్తెర దాచేసింది.

•

తాతయ్యకి, అమ్మమ్మకి,

పోస్టు నాకొచ్చింది.

ఈ ఒక్క వాక్యం నాలుగు కాగితాల మీద రాసి చింపేశాను. ఇప్పుడు నిదానంగా చెప్తాను. ఆ పెద్దమనిషి దగ్గర్నుంచి పరీక్ష విధానం వచ్చింది. పోటీలో ఉన్న ముగ్గురినీ ఒక్కొక్కరుగా చెడిపోయిన లిఫ్టు దగ్గరికి పంపాలట. మిగతావాళ్ళు పక్కనే నిలబడి చూడొచ్చు గానీ ఎవరూ మాట్లాడకూడదట. అన్నిటికంటే ముఖ్యం, టార్చి మేనేజరే స్వయంగా పట్టుకోవాలట, "పని చేసే చేతిని దగ్గర్నుంచి చూడాలంటే అంతకు మించిన చోటు లేదు" అని.

మేనేజరు గంటన్నర టార్చి పట్టుకున్నాడు తాతయ్యా. మీసాలాయన తిన్నగా మోటారు దగ్గరికెళ్ళాడు. ఇంకొకాయన మోటారు విప్పి, మళ్ళీ ఎలా బిగించాలో తెలియక మీసాలాయన సైగలు చూసి బిగించాడు. నేను జేబులోంచి పోస్టుకార్డు తీసి ఒక్కో అంతస్తు తలుపు కిందా లాక్కుంటూ వెళ్ళాను. నాలుగో అంతస్తులో ఇరుక్కుంది. మేనేజరు పట్టిన టార్చి వెలుగు గడప వదిలి గోడ మీదికి పోయింది. "కదలకుండా పట్టుకోండి సార్" అన్నాను. మాట్లాడకూడదన్న నియమం తప్పింది నేనే. పద్దెనిమిది నిమిషాల్లో లిఫ్టు కదిలింది.

ఇక మిగిలిన మంట చెప్తాను. పోస్టిస్తూ మేనేజరు ఏమన్నాడో తెలుసా? "చూశావా, ఆ మహానుభావుడి ఉత్తరాలు విని ఎంత నేర్చుకున్నావో." ఆయన ఫోటో తెప్పిస్తున్నారట, ఆఫీసు గోడకి తగిలించడానికి. పార్సిలు సోమవారం అందరి ముందూ విప్పుతారట. నా పని గోడెక్కుతోంది, మొహం మాత్రం ఆయనది. సోమవారం సెలవు పెడతాను. చూడలేను.

ఇట్లు,
పెద్ద మెకానిక్ (అని రాసుకోవడం ఇదే మొదటిసారి)

తా.క.: లిఫ్టు ఆపు. నేనొచ్చి కడతాను.

•

పెద్ద మెకానిక్ గారికి తాతయ్య లేచి నిలబడి చేస్తున్న నమస్కారం.

సెలవు పెట్టకు. సోమవారం అందరికంటే ముందు వరసలో నిలబడు.

లిఫ్టూ లేదు, తాడూ లేదు. నీ కాగితం వెనకున్న అడ్రసుకి ముందు తలుపు సంగతి పంపాను. ఆ తర్వాత ప్రశ్నలు మీ మేనేజరు నన్నడిగాడు, నేను నిన్నడిగాను, నువ్వు చెప్పింది ఆయనకి పంపాను. నీ తెలివికి నా ఇల్లు చుట్టుదారి అయింది, అంతే. నిన్నంత ఉడికించినందుకు నాలుగు తిట్టు, కానీ ఉత్తరంలో తిట్టు, నేను తీసేసి చదువుకుంటాను.

ఆయనకి ఒక్క అబద్ధం కూడా రాయలేదు. మెకానిక్‌నని చెప్పలేదు. మగవాణ్ణనీ చెప్పలేదు. అవి మీ మేనేజరు సొంతంగా కలుపుకున్నాడు. నా దస్తూరి నీకు తెలుసుగా, కోడి కాలికి సిరా అంటినట్టు ఉంటుంది. ఆ ఉత్తరాలు రాసింది మీ అమ్మమ్మ. సంతకమూ ఆవిడ మాటే. పెళ్ళయి నలభై తొమ్మిదేళ్ళు, నేను ఎప్పుడు తలుపు కొట్టినా తీసి వేసింది ఆవిడే. ఒక్కసారి నువ్వే తియ్యొచ్చుగా అని మొన్న మీ ఆఫీసుకి ఉత్తరం రాసేటప్పుడు అడిగింది. నిన్నటి నుంచి తలుపు నేనే తీస్తున్నాను. పాలాయన హడలిపోయాడు. టార్చి నియమం కూడా ఆవిడదే. నేను వద్దన్నాను, పాపం పెద్ద హోదాలో ఉన్నాడని. "అందుకే" అంది.

నీ పాత ఉత్తరాలు, తేదీలతో సహా, ఆ పార్సిల్లోనే పెట్టాను. ఏది ముందో ఏది వెనకో మీ ఆఫీసంతా చదువుకుంటుంది.

ఇక నేను చేసిన చిన్న అల్లరి ఒకటి ఒప్పుకోవాలి. ఫోటో అడిగారుగా. నాది పంపుతానని మీ అమ్మమ్మకి చెప్పి, ఆవిడకి తెలియకుండా ఆవిడది పంపాను. కళ్ళద్దాలు ముక్కు మీదికి జారి, నన్ను కోప్పడుతున్నప్పుడు తీసిందది. ఫోటో కింద, ఆవిడచేత రాయించలేను గనక, నా కోడిగీతల్లోనే నేను ఇలా రాశాను:

"ఉత్తరాల్లో దస్తూరి ఈవిడది. తెలివి మీ పెద్ద మెకానిక్‌ది. మీరు మహానుభావుడనుకున్నవాడు తపాలా బిళ్ళ తడిపి అంటించాడు."