వణికే గీత

మనీలా,
జూన్ 1974

చిరంజీవి డెల్ఫినాకు పెద్దమ్మ దీవెనలు.

నాలుగేళ్ల సాధనతో పెదనాన్న కామిక్స్ బొమ్మల్లోని వణికే గీతను పట్టుకున్నావనీ, ఇప్పుడు తిన్నని గీత రాక నీ సొంత బొమ్మలు పత్రికల నుంచి తిరిగొస్తున్నాయనీ రాశావు. అది శైలి కాదమ్మా, ఆయన చేతికొచ్చిన జబ్బు. ఎవరికీ తెలియకూడదన్నారు, అందుకే నీకూ చెప్పలేదు.

కొత్త మందుతో ఆయన వణుకు తగ్గింది. ఇప్పుడు తిన్నగా గీసిన సీరియల్ పేజీలు తీసుకెళ్తే పత్రిక ఎడిటరు నవ్వాడు. "ఎవరమ్మా ఈ దొంగ మాస్టారు? అసలాయన్ని గీయమనండి!"

కథ ముగియడానికి ఇంకా పన్నెండు వారాలున్నాయి, వారానికి నాలుగు పేజీలు. నువ్వొచ్చి గీయాలి. పేరు ఆయనదే ఉంటుంది. అంతవరకూ నీ చేతిని బాగుచేసుకోకు.

నీ పెద్దమ్మ