కారవాన్ నేనే తీసుకెళ్లాను

లోరెన్స్,

పెరట్లో కారవాన్ లేదని కంగారు పడకు. దొంగలెవరూ ఎత్తుకుపోలేదు, నేనే కారుకు తగిలించుకుని తనిఖీకి తీసుకెళ్లాను. దాని రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో దాటింది. బ్రేకులూ లైట్లూ చూసి సర్టిఫికెట్ ఇస్తేనే మళ్లీ రోడ్డెక్కనిస్తారట. బొబోటీ వండి ఓవెన్‌లో పెట్టాను, వేడి చేసుకుని తిను. కారవాన్ కొంటానన్న మనిషికి ఫోన్ చేసి రావద్దని చెప్పు. నన్నడక్కుండా అమ్మకానికి పెట్టావు, ఆ కోపం ఇంకా ఉంది.

బరువైన ట్రైలర్ లాగే లైసెన్సు నాకు నిన్ననే వచ్చింది. "ఈ వయసులో ఇదెందుకు ఆంటీ?" అన్నాడు పరీక్ష పెట్టినాయన. "మా ఆయనకి చూపు తగ్గింది గానీ, సముద్రం ఎక్కడికీ పోలేదుగా" అన్నాను.

ప్రతి డిసెంబరూ కారవాన్ లాక్కుంటూ హార్టెన్‌బోస్ తీరానికి వెళ్లేటప్పుడు, కొండ దిగుతూ కిటికీ అద్దం దించేవాడివి. "హెస్టర్, ఉప్పు వాసన వస్తోందా?" అనేవాడివి. సముద్రం ఇంకా కనిపించేదే కాదు, నీకు మాత్రం ముందే తెలిసిపోయేది.

హెస్టర్

మరిచాను. సాయంత్రం గేటు దగ్గర నిలబడు. పరీక్షలో రివర్స్ కుదిరింది గానీ మన గేటులో కుదురుతుందన్న నమ్మకం లేదు. నీ చూపు గేటు స్తంభం కనబడనంతగా ఏం తగ్గలేదు. ఇన్నేళ్లూ వెనక నిలబడి దారి చెబుతూ నీ చేత తిట్లు తిన్నాను. ఇవాళ నీ వంతు.