బావ ఈల వేసిన సీను

అక్కకి నీ తమ్ముడు శ్రీను దండాలు.

నువ్వూ, బావా, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ అత్తయ్యకి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నా గురించి బెంగపెట్టుకోకు. వేళకి తింటున్నాను, పడుకుంటున్నాను. కృష్ణానగర్‌లో అదే గది, అదే నలుగురం. హైదరాబాదులో ఎండలు మండిపోతున్నాయి. ఇక్కడ చేపలు ఎప్పటివో ఐసులో పెట్టి అమ్ముతారు, గిలకలదిండి రేవులో పుట్టినోడికి అవి గొంతు దిగుతాయా చెప్పు!

ఫోనుండగా ఉత్తరమేంట్రా అని తిట్టుకుంటున్నావేమో. ఫోనైతే నువ్వు స్పీకర్ పెడతావు, పక్కనే బావ ఉంటాడు. "ఏరా హీరో!" అని ఆయన అనగానే నేను "సూపర్ బావా" అనేస్తాను. అందుకే రాస్తున్నాను. ముందు నువ్వొక్కదానివే చదువుకో.

బందరులో సినిమా చూశారు కదా. మేడ మీద హీరో నన్ను తంతే ఎగిరి కిందున్న కూరగాయల బండి మీద పడతానే, ఆ సీనుకి బావ సీటెక్కి ఈల వేశాడని నువ్వే చెప్పావు. "వాడు మా బామ్మర్దిరా!" అని హాలంతా వినపడేలా అరిచాడంట. ఆ సీను ముక్క వీడియో పేటలో అందరి సెల్లులకీ పంపాడు. పడేటప్పుడు కేక భలే పెట్టావురా అని నన్ను మెచ్చుకున్నాడు కూడా.

అక్కా, ఆ కేక నటన కాదు.

మా ఫైటర్లకి ఒక అలవాటుంది. పడ్డాక చెయ్యి పైకెత్తాలి. ఎత్తితే దెబ్బ తగల్లేదని అర్థం, ఫైట్లు నేర్పే మాస్టారు ఊపిరి పీల్చుకుంటారు. మొదటిసారి పడ్డప్పుడే నడుములో కలుక్కుమంది. అయినా చెయ్యెత్తాను. అంతమంది చూస్తుంటే ఎత్తకుండా ఎలా ఉంటాను? మగాడన్నాక అంటూ ఏదో అనుకున్నాను, వెధవని. మాస్టారు "శభాష్, ఇంకొక్క టేక్ తీద్దాం" అన్నారు. మీరు చూసింది ఆ రెండోది. ఈసారి చెయ్యి లేవలేదు.

తర్వాత బయటూరు షూటింగని మీకు చెప్పానే, అప్పుడు నేను ఆసుపత్రిలో ఉన్నాను.

హీరోగారు చూడ్డానికొచ్చారు. సినిమాలో ఒళ్ళంతా కత్తిపోట్లున్నా నడుచుకుంటూ పోయే మనిషి, నా మంచం పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. "మొదటిదే బాగుంది, చాలు అని నేనైనా అనాల్సింది తమ్ముడూ" అన్నారు. ఎవరైనా సెల్లులో తీస్తారని మేనేజరు గబగబా తలుపేశాడు. ఆయన మొహం కడుక్కుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని బయటికెళ్ళారు. బయట జనం ఒకటే కేరింతలు. నాకు కోపం రాలేదక్కా, జాలేసింది. ఏడవడానికి ఆయనకి నా గదే దొరికింది. నేను మాత్రం "పర్లేదు సార్, చిన్న దెబ్బే" అన్నాను.

ఇక జన్మలో బరువులెత్తొద్దన్నారు డాక్టరు. నడుస్తాను, కూర్చుంటాను, వంగలేను. ఫైటర్ పని అయిపోయింది. బావేమో వేట నిషేధం తీసెయ్యగానే వచ్చెయ్యరా, బోటులో నీలాంటోడుంటే వల దానంతటదే పైకొస్తుంది అంటున్నాడు. నేను వల లాగలేనక్కా.

ఈ సంగతి నువ్వే బావకి చెప్పు. అన్నం తినేటప్పుడు కాదు, తిన్నాక చెప్పు. ఒడ్డున కూర్చుని చినిగిన వలలు బాగుచేస్తాడంట, ఉండనిస్తావా అని అడుగు. పనికిరాని బామ్మర్దిని ఇంట్లో పెట్టుకుంటాడో లేదో నాకు తెలియాలి. రమ్మంటే ఆ రోజే బస్సెక్కుతాను. ఏమీ అనకపోతే నువ్వు ఆయనతో గొడవపడకు, ఇక్కడే ఎక్కడో వాచ్‌మన్‌గా చేరతాను. నిజంగా, నా గురించి బెంగపెట్టుకోకు.

పాపకి ముద్దులు. మీ అత్తయ్య కాళ్ళకి దండం పెట్టానని చెప్పు. అమ్మ తర్వాత అమ్మవి, నన్ను దీవించు.

వస్తే మాత్రం, నువ్వు వంట చేస్తుంటే నీ పక్కన కూర్చుని ఒక్కసారి గట్టిగా ఏడుస్తానక్కా. బావ చూసినా సరే.

నీ తమ్ముడు,
శ్రీను