నాయన చూడబోయే బొమ్మ

తిరుపతి,
బుధవారం

ప్రశాంతి అక్కా,

ఫోన్ చేస్తే మధ్యలో ఏడ్చేస్తానని భయమేసి ఉత్తరం రాస్తున్నాను. ఇది చదివేటప్పుడు నీ పిల్లలు పక్కన లేకుండా చూసుకో.

పదహారేళ్లుగా నేను బడిలో డ్రాయింగ్ టీచర్ని, ఇంట్లో ఫొటోలు చూసి ముఖాలు గీసిచ్చేదాన్ని. రిటైర్మెంట్లకు, పెళ్లిరోజులకు, పోయినవాళ్ల ఏడాదికి. అందరూ ముడతలు తగ్గించమంటారు, తగ్గిస్తాను. "మీ చెయ్యి పడితే ఎవురైనా పదేళ్లు సిన్నగా కనపడతారు టీచర్" అంటారు. ఆ మాట వినీ వినీ, నాది అని చెప్పుకోవడానికి ఒక్క గీతైనా ఉందా అని దిగులు పట్టుకుంది. అందుకే రెండేళ్ల నుంచి ఆదివారాలు చర్చి నుంచి వచ్చాక, ఏ ఫొటోనూ ముందు పెట్టుకోకుండా బొగ్గుతో గీస్తున్నాను. ఎవరితో మొదలుపెట్టినా చివరికి నాయన ముఖమే వస్తోంది. ఇప్పటి నాయన కాదు. గోడలు కట్టే బేల్దారి పని నుంచి తాగి వచ్చి, వడమాలపేట ఇంటి గడపలో చెప్పులు విడవకుండా నిలబడే నాయన.

వాటిలో ఒకటి, నాలుగడుగుల బొమ్మ, ఇక్కడి ప్రదర్శనకు ఎంపికైంది. దానికి పేరు కూడా పెట్టలేదు, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. కానీ పేపర్లో నా ఫొటో వేశారు, నా వెనక ఆ బొమ్మ. వడమాలపేటలో నాయన పక్కింటి పంకజాక్షి ఆ పేపర్ తీసుకెళ్లి ఆయనకు చూపించిందట. నిన్న ఆయన ఫోన్ చేశాడు. "పేపర్లో సగమే పడిండాది. ఆదివారం వచ్చి మొత్తం సూస్తా" అని పెట్టేశాడు.

నాకు నలభై ఒకటి అక్కా. నాయనకు డెబ్బై దాటాయి. తాగుడు మాని పదేళ్లయింది, కర్ర లేకుండా నడవలేడు. అయినా ఇవాళ తరగతిలో ఒక పిల్ల డస్టర్ కింద పడేస్తే అదిరిపడి బల్ల పట్టుకున్నాను. నాకు అడ్డం వచ్చి నువ్వెన్ని దెబ్బలు తిన్నావో మనిద్దరికే తెలుసు. ఇప్పుడు అడ్డం రావడానికి నువ్వు ఇక్కడ లేవు. శనివారం వెళ్లి బొమ్మ దించేస్తాను. గోడకు చెమ్మ పట్టిందని ఏదో ఒకటి చెబుతాను.

నీ చెల్లెలు,
నిస్సీ


తిరుపతి,
ఆదివారం సాయంత్రం

అక్కా,

దించలేదు. నిన్న వెళ్లి ఫ్రేమ్ మీద చెయ్యి కూడా వేశాను. ఇది తీసేస్తే ఇక బతుకంతా ముడతల్లేని ముఖాలే గీస్తాననిపించింది. ధైర్యమేమీ కాదు. దించినా భయమే, ఉంచినా భయమే.

నాయన పదకొండింటి బస్సుకు వచ్చాడు. చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకున్నాడు. ప్రదర్శన హాల్లో బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. పరిగెత్తడానికి వీలుగా నేను తలుపు దగ్గరే ఉన్నాను. ఆయన కర్రను నేలకేసి నొక్కుతుంటే కోపమనుకున్నాను.

"ఈయన్ని యాడ సూసినావు నువ్వు?" అన్నాడు.

"ఎవుర్ని నాయనా?"

"మా నాయన చెంగయ్యని. నువ్వు పుట్టకముందే పోయినాడు గదా. ఇట్లే నిలబడుకోనుండేవాడు గడపలో. నేనూ మా తమ్ముడూ వడ్లమూటల ఎనకాల దాక్కుంటా ఉంటిమి."

అప్పుడు ఆయన ముఖం చూశాను. కోపం కాదక్కా, భయం. చిన్నప్పుడు నీ ముఖంలో చూసినదే.

అవును, తాతే అని ఒక్క మాట అంటే ఇద్దరం తప్పించుకునేవాళ్లం. అయినా ఉన్న మాటే అన్నాను.

"తాత కాదు నాయనా. అది నువ్వే."

కర్ర ఎత్తుతాడని కళ్లు మూసుకున్నాను. తెరిచి చూస్తే ఆయన కాపలా మనిషి కుర్చీలో కూలబడి ఉన్నాడు.

"పెద్దదానికి తెలుసునా, నువ్విది గీసినట్టు?"

"తెలుసు. రాసినాను."

"ఏమనింది?"

"ఇంకా ఏమీ అనలేదు నాయనా."

కర్ర ఊతగా లేచాడు. "తీసేయొద్దు. పెద్దది వచ్చి సూసేదాకా ఉండనీ" అన్నాడు.

క్షమించమని ఆయన అడగలేదు. క్షమించానని నేనూ అనలేదు. బస్టాండుకు తీసుకెళ్లాను. బస్సెక్కేటప్పుడు ఆసరాకి నా భుజం మీద చెయ్యి వేయబోయాడు. నాకు తెలియకుండానే తల వంచి పక్కకు జరిగాను. ఆయన చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ తనే ఎక్కాడు.

ప్రదర్శన ఇరవయ్యో తేదీ దాకా ఉంటుంది. రమ్మని నేననను అక్కా. వస్తే మాత్రం, తలుపు దగ్గర కాదు, నీ పక్కనే నిలబడతాను.

నీ
నిస్సీ