ఒక్క అంకె, ఆరు భాగాలు

ఫిబ్రవరి 3
నాలుగు జల్లెడలు పాడయ్యాయి. తప్పు నాదే.

మొక్కజొన్న కంకులు ఒలిచే మిషన్లు. డ్రమ్ము పదహారు ఇంచీలు కాదు, పద్దెనిమిది చెయ్యమని మా షెడ్డు యజమాని శెట్టిగారు పోయిన వారం ఫోన్లో చెప్పారు. డ్రమ్ము బొమ్మ మార్చాను. మూత, పక్క పలకలు మార్చాను. జల్లెడ మర్చిపోయాను. కంప్యూటర్లో దేని ఫైలు దానిదే, దేని అంకెలు దానివే... ఒకటి మారిందని ఇంకోదానికి నేనే చెప్పాలి. చెప్పలేదు.

మస్తాన్ బాబాయ్ జల్లెడను డ్రమ్ము కింద పెట్టి చూశాడు. బిగించకుండానే పక్కన పడేశాడు. ఈ షెడ్డులో ముప్పై ఏళ్లుగా ఫిట్టరు. కేకలేసినా బాగుండేది.
"టేపు అబద్ధమాడదు అమ్మాయ్" — అంతే.
శెట్టిగారు కొత్త రేకుకు ఎంతవుతుందో లెక్క రాసుకున్నారు. అది ఇంకా కష్టంగా ఉంది.

ఫిబ్రవరి 4
రెంటచింతల నుంచి మాచర్ల దాకా బస్సులో నిలబడే వచ్చాను. దారంతా ఒకటే ఆలోచన. జల్లెడకు సొంత కొలత ఎందుకు? అది డ్రమ్ము చుట్టూ ఉండేది. డ్రమ్ము ఎంతో తెలిస్తే జల్లెడ ఎంతో తెలిసినట్టే. మూతా అంతే. పలకలూ అంతే.

అంకె ఒక్కచోటే రాయాలి. మిగతావన్నీ దాన్ని చూసి రాసుకోవాలి.

ఫిబ్రవరి 7
మూడు రోజులు. డ్రమ్ము, జల్లెడ, మూత, పలకలు, షాఫ్టు, ఫ్రేము — ఆరు ఫైళ్లూ ఒక కొలతల పట్టికకు కట్టాను. జల్లెడకూ డ్రమ్ముకూ మధ్య గ్యాప్ కూడా. పద్దెనిమిదికి మస్తాన్ బాబాయ్ పెట్టేది ఇంచిన్నర, అంటే డ్రమ్ములో పన్నెండో వంతు. ఎంత చక్కగా కుదిరిందో.

పట్టికలో పద్దెనిమిది తీసి ఇరవై కొట్టాను. ఆరూ కదిలాయి. ఒక్కటీ మర్చిపోలేదు.
కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. చూసేవాళ్లు ఎవరూ లేరు... అయినా.

ఫిబ్రవరి 9
మస్తాన్ బాబాయ్‌ను పిలిచి చూపించాను. చేతులు తుడుచుకుని, స్క్రీనుకు దూరంగా నిలబడి చూశాడు.
"ఇదేంది, ఒకదాన్ని చూసి ఒకటి కదుల్తన్నయ్."
అన్నీ ఒకే అంకె వింటాయి బాబాయ్ అన్నాను.
"మరి ఆ అంకె నువ్వు తప్పు కొడితే?"
"అన్నీ తప్పుతాయి."
"ఊ. ఇప్పటిదాకా ఒకటీ అరా తప్పేయి. ఇక కలిసికట్టుగా తప్పుతయ్."
నవ్వాడు. నేనూ నవ్వాను కానీ, లోపల కొంచెం గుచ్చుకుంది.

ఫిబ్రవరి 12
మాచవరం నుంచి సామ్రాజ్యం అక్క వచ్చింది. అక్కడి మహిళా సంఘానికి లీడరు. మిషను కావాలి, కానీ చిన్నది.
"మాకు ట్రాక్టర్లు లేవు శెట్టిగారూ. ఆటోలో పట్టాల. ఇల్లిల్లూ తిప్పాల. చేత్తో ఒలిచీ ఒలిచీ మా ఆడోళ్ల గోళ్లు లేచిపోతన్నయ్."
శెట్టిగారు నసిగారు. "చిన్నదంటే అన్నీ కొత్తగా గీయాలమ్మా. బొమ్మలకే చానా రోజులు..." అంటూ నావైపు చూశారు.
"రేపు ఇస్తానండీ" అన్నాను. నోరు జారింది. జారినందుకు బాధ లేదు.

ఫిబ్రవరి 13
పద్దెనిమిది తీసి పన్నెండు కొట్టాను. మధ్యాహ్నం టీకి ముందే ఆరు బొమ్మలూ ప్రింటు. శెట్టిగారు కాగితాలు రెండుసార్లు తిరగేశారు.
"ఇంతేనా?"
ఇంతేనండీ.

ఫిబ్రవరి 18
విభూది బుధవారం. పొద్దున చర్చిలో ఫాదర్ నా నుదుట బూడిద గీశారు. మధ్యాహ్నానికి మొహమంతా బూడిదే అనిపించింది.

చిన్న మిషను ట్రయలు. అన్ని భాగాలూ ఒకదాంట్లో ఒకటి అచ్చంగా కూర్చున్నాయి, ఒక్కచోట సుత్తి పడలేదు. మోటారు వేశాం. మొదటి గంప పొయ్యగానే మూలిగింది. కంకులు ఇరుక్కున్నాయి. కింద పడ్డవి గింజలు కావు, నూక.

సామ్రాజ్యం అక్క దోసిట్లోకి ఆ నూక తీసుకుని చూసింది.

మస్తాన్ బాబాయ్ మోటారు ఆపించాడు. ఒక కంకి తీసి డ్రమ్ముకూ జల్లెడకూ మధ్య పెట్టాడు. పట్టలేదు.
"మిషను చిన్నది చేశావు, సరే. కంకిని కూడా చిన్నది చేశావేంది?"

అప్పుడు అర్థమైంది. పన్నెండో వంతు! డ్రమ్ము తగ్గితే గ్యాప్ కూడా తగ్గింది, ఇంచీకి వచ్చేసింది. నేనే అలా కట్టాను. కంకి చేలో కాసేది. నా పట్టిక మాట అదెందుకు వింటుంది?

ఫిబ్రవరి 19
గ్యాప్ ముడి విప్పేశాను. ఇప్పుడది దేన్నీ చూసి మారదు. డ్రమ్ము ఎంతైనా ఇంచిన్నరే. ఎక్కడ ముడి వెయ్యాలో ఏడో తారీఖునే తెలుసుకున్నాను. ఎక్కడ వెయ్యకూడదో నిన్న తెలిసింది.

"ఇంచిన్నర అని ఎట్లా తెలుసు బాబాయ్" అని అడిగాను. మొదట్లో రెండు సీజన్లు గింజలు పగలగొట్టి, రైతుల చేత తిట్లు తిని నేర్చుకున్నాడట. ఇన్నాళ్లూ ఏ కాగితం మీదా లేదు. ఆయన చేతిలోనే ఉంది.

పట్టికలో ఆ గడికి పేరు పెట్టాలి. "మస్తాన్ గ్యాప్" అని పెట్టాను. చదివి వినిపించాను. గ్రైండరు దగ్గరికి పోయాడు. సాయంత్రానికి జల్లెడ విప్పి, సాగదీసి, చాలని చోట రేకు పట్టీ అతికి, పలకలకు కొత్త బెజ్జాలు వేసి పెట్టాడు. నేను అడగకుండానే.

ఫిబ్రవరి 24
మాచవరం.
ఆటోలో పట్టింది. సామ్రాజ్యం అక్క ఇంటి ముందే దించి, వైరు లాగి వేశాం. గింజ గింజగా రాలింది. ఒక ముసలామె వంగి పిడికెడు తీసుకుని, ఒక్కొక్కటే వేలితో దొర్లించి చూసింది. పగిలిన గింజ కోసం. దొరకలేదు.
"ఎవురు గీశారంట?"
శెట్టిగారు నన్ను చూపించారు. "మా నిర్మల. కొలత చెప్తే చాలు, మిషనంతా అదే సర్దుకునేట్టు చేసింది."
మా నిర్మల అన్నారు. మూడేళ్లలో మొదటిసారి.
ఆ ముసలామె నా చేయి పట్టుకుని తిప్పి చూసింది. "మెత్తగున్నయ్యే చేతులు" అంది. అందరూ నవ్వారు. నేను మాత్రం తిరుగు బస్సు దాకా ఆ చేతిని ఎక్కడా ఆనించలేదు.

ఫిబ్రవరి 27
కృష్ణా నది అవతల నుంచి ఒక షెడ్డు యజమాని ఫోను. ఆయనకు మిషను వద్దు. ఫైలు కావాలి. ఏ సైజుకైనా అంకె ఆయనే కొట్టుకుంటాడట.
శెట్టిగారు ఫోను పెట్టేసి నన్ను పిలిచారు. "ఇద్దామా, వద్దా? గీసింది నువ్వు. సోమవారం చెప్పు."
నన్ను అడిగారు. ఇంటికొచ్చాక అమ్మకు రెండుసార్లు చెప్పాను.

మార్చి 1, ఆదివారం
నిన్న మస్తాన్ బాబాయ్‌ను అడిగాను. ఫైలు పోతే ఆయన ఇంచిన్నర కూడా పోతుంది కదా, రెండు సీజన్ల తిట్లతో సహా.
టీ పూర్తిగా తాగాడు. గ్లాసు కడిగి బోర్లించాడు.
"అవతల కూడా ఆడోళ్లు చేత్తోనే ఒలుస్తన్నారుగా" అన్నాడు. లేచి పోబోతూ, "అయినా... నాదంటూ ఉన్నదల్లా అదొక్కటే అమ్మాయ్" అన్నాడు.
రెండూ ఆయనే అన్నాడు. ఏది పట్టుకోను?
ఇవాళ పూజలో ఫాదర్ ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తులేదు. రేపు పొద్దున ఏడింటి బస్సు. మాచర్లలో దిగేలోపు ఏదో ఒకటి అనుకోవాలి...